ఆఖరి పట్టీ బిగించిన పొద్దు

నేను వంట చేసే ఇంట్లో, వెనక షెడ్డులో ఒక కారు ఉంది. ఇల్లు గల్ఫ్‌లో, ఐన్ ఖాలిద్ అనే పేట దాటాక వస్తుంది. ఆరేళ్ళు ఆ ఇంట్లో పనిచేసినా ఆ కారు ముఖం నేను చూడలేదు. దాని మీద ఎప్పుడూ మందపాటి బూడిదరంగు గుడ్డ కప్పి ఉండేది. వారానికోసారి ఆ గుడ్డ మీద ఇసుక దులపడం నా పని. గుడ్డ ఎత్తి చూడటం నా పని కాదు. అందుకని ఎత్తలేదు.

ఇంటి పెద్దాయనకు డెబ్బై దాటాయి. మేమంతా ఆయన్ని బాబా అంటాం. ఆ కారు ఆయన తండ్రి కొన్నది. అరవై ఏళ్ళ కిందటి అమెరికా కారు. రోడ్లు సరిగ్గా లేని రోజుల్లో అందులోనే సముద్రపొడ్డున ఉన్న అల్ రువైస్ దాకా పోయి, చేపల పెట్టెలు వేసుకుని వచ్చేవారట. మొన్నటి చలికాలం ముందు ఒకరోజు బాబా ఆ గుడ్డ తీయించారు. నా కాళ్ళు ఆడుతున్నప్పుడే ఇది మళ్ళీ నడవాలి అన్నారు. కారును మాత్రం ఇంటి గేటు దాటనివ్వనన్నారు. దాంతో ఒక వర్క్‌షాపు కంపెనీ వాళ్ళే సామాన్లు మోసుకుని షెడ్డుకు వచ్చారు.

వాళ్ళు ఆ కారును ఎంతగా విప్పారంటే, ఒక దశలో నేను చాయ్ తీసుకుపోయి ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడ్డాను. తలుపులు ఒక మూల, అద్దాలు ఒక మూల, సీట్లు వరండాలో. నడుమ వట్టి ఇనుప గూడు. ఇది మళ్ళీ కారు అవుతుందంటే నమ్మలేదు. అయింది. మూడు నెలల్లో రంగు కూడా పడింది. లేత నీలం. తెల్లవారేటప్పుడు సముద్రం మీద ఒక్క గడియసేపు ఉండే రంగు. రంగు వేసినవాళ్ళు వెళ్ళిపోయాక, ఆఖరి పనికి ఒక్క మనిషి వచ్చాడు. బయట కనబడే మెరుపు సామాను బిగించే మనిషి. పక్కల పట్టీలు, అద్దాల చుట్టూ అంచులు, దీపాల చుట్టూ కట్లు, అన్నీ ఆయన పనే.

తెల్లని గడ్డం, దారం కట్టి మెడలో వేసుకున్న కళ్ళద్దాలు. మొదటి రోజు నేను వంటింటి గుమ్మంలో నిలబడి ఫోన్‌లో మా చెల్లెలితో మాట్లాడుతున్నాను. ఫోన్ పెట్టగానే షెడ్డులోంచి గొంతు వినబడింది.

"ఏ ఊరు చెల్లె?"

"కోరుట్ల దిక్కు. మీది?"

"నిజామాబాద్. ముప్పై ఏండ్లయితుంది గల్ఫ్‌కు వచ్చి. నీ మాట వింటే బస్టాండ్ల నిలబడ్డట్టు అయింది."

ఆ రోజు నుంచి ఆయన నాకు భాయ్. ఇంట్లో ఉర్దూ, బజార్లో తెలుగు మాట్లాడుతూ పెరిగిన మనిషి. కోపమొస్తే ఉర్దూ, నవ్వొస్తే తెలుగు. "బిడ్డకు చీర కట్టుడు అయింది చెల్లె," అనేవాడు కారు వంక చూసి. "ఇగ నగలు వెట్టేది మనం."

ఆ నగలను దగ్గర్నుంచి చూసేదాకా అవి ఏమిటో నాకు తెలియదు. కారు పక్కన పొడుగ్గా మెరిసే గీత ఉంటుంది కదా, అది రంగు కాదు. తుప్పు పట్టని ఉక్కు రేకును లోపల బోలుగా ఉండేట్టు వంచి చేసిన పట్టీ. ఈ కారుకు ఒక్కో పక్క మూడు ముక్కలు. అన్నిటికన్నా పొడుగైంది వెనక ముక్క. తలుపు దగ్గర బొటనవేలంత వెడల్పుతో మొదలై, తోక దీపం దగ్గరికి పోయేసరికి చూపుడు వేలంత అవుతుంది. ఎక్కడ సన్నబడిందో కంటికి దొరకదు. పొడుగు ఒక మనిషంత, బరువు ఒక పళ్ళెమంత. మధ్యలో పట్టుకుని ఎత్తితే దాని బరువుకు అదే విరగ్గొట్టినట్టు వంగిపోతుంది. ఒకసారి మడత పడితే ఆ మడత పోదు.

చేపల పెట్టెలు ఎక్కించి దించడంలో కుడిపక్క వెనక పట్టీ నిండా సొట్టలు పడ్డాయి. అలాంటిది ఇంకొకటి ఎక్కడా దొరకలేదని కంపెనీ వాళ్ళు చెప్పారు. భాయ్ దాన్ని బోర్లా పెట్టి, లోపలి వైపు నుంచి చిన్న సుత్తితో పదకొండు రోజులు కొట్టాడు. కొట్టడం అనకూడదు. పసిపిల్లను జోకొట్టినట్టు ఉండేది ఆ చప్పుడు. కొంచెం తట్టడం, తిప్పి చూడటం, వేలితో తడమడం, మళ్ళీ తట్టడం. ఒక్కో సొట్ట నీళ్ళలో చక్కెరలా కరిగిపోయేది. తర్వాత గరుకు కాగితం, దానికన్నా నున్నని కాగితం, ఆఖరున మెరుగు పెట్టే గుడ్డ చక్రం. అయిపోయాక దాంట్లో నా ముఖం కనబడింది. నేను ఆ పదకొండు రోజులూ ఏదో ఒక వంక పెట్టుకుని షెడ్డుకు పోయేదాన్ని. ఒకరోజు చాయ్ రెండుసార్లు ఇచ్చానని నాకే తెలియలేదు.

"కండ్లు మూస్కో," అన్నాడు, మెరుగు పెట్టడం అయిపోయిన రోజు. "వేలు నడిపియ్యి. యాడన్న తగుల్తే చెప్పు."

నడిపించాను. మధ్య దాటాక ఒకచోట వేలు ఆగింది. "ఈడ జెర లేస్తుంది భాయ్."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూశాడు. తీసి చూశాడు. తన వేలు పెట్టాడు. "నాకు దొరుకుత లేదు," అన్నాడు. పట్టీని కిటికీ వెలుగుకు ఎత్తి, ఒక కన్ను మూసి, చాలాసేపటికి తలాడించాడు. "ఉంది. ఊళ్ళె ఏం పని చేస్తుంటివి?"

"బీడీలు చుట్టిన. ఇరవై రెండేండ్లు."

"అయితే నీకు జీతం నాకంటె ఎక్కువియ్యాలె."

నవ్వాడు గాని, ఆ నవ్వుతోనే చాయ్ అందుకున్నప్పుడు కప్పు సాసర్ మీద గలగలలాడింది. నేను చూశానని ఆయన చూశాడు. కప్పు కింద పెట్టి, కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకున్నాడు.

"ఏడాది నుంచి ఇట్ల," అన్నాడు మెల్లగా. "పొద్దుగాల తక్కువ, పగటీలి ఎక్కువ. మా కంపెనీ మేనేజర్‌కు అనుమానం ఉంది. ఈ కారు అయినంక ఎట్లనూ ఇంటికే పోతున్న. అది రంది లేదు. నా చేతుల మీదకెంచి పోయే ఆఖరి కారు ఇది. ఈ పట్టీ సక్కగ కూసోవాలె. నేను కూసోవెట్టాలె. వంగిందంటే, ముప్పై ఏండ్ల పని ఎటువోయింది అనుకుంట పోవాలె ఇంటికి."

ఆ లేచిన చోటును మర్నాడు పొద్దున్నే తట్టి సరిచేశాడు. ఆయన చేతి సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నాకెవరున్నారు. కానీ ఆ రోజు నుంచి నాకూ ఆ పట్టీ రంది పట్టుకుంది. కూర తాలింపు వేస్తూ కూడా అది షెడ్డులో గోడకు ఎలా ఆనించి ఉందో అనుకునేదాన్ని.

పట్టీని కారుకు పట్టి ఉంచేవి క్లిప్పులు. గోరంత ఉక్కు ముక్కలు. కారు ఒంటికి వరసగా చిన్న రంధ్రాలుంటాయి. రంధ్రానికొక క్లిప్పు గుచ్చాలి. వాటి మీద పట్టీని ఒత్తితే దాని అంచులు క్లిప్పుల చెవులకు తగులుకుని టక్కున కూర్చుంటాయి. వెనక ముక్కకు పదకొండు. పాత క్లిప్పులే వాడాలని భాయ్ పట్టుబట్టాడు. సొట్టలు తీసే ముందే, పట్టీ లోపల తగులుకుని ఉన్న వాటిని తీసి, ఒక పొడుగాటి థర్మాకోల్ ముక్కకు వరసగా గుచ్చి పెట్టుకున్నాడు. తుప్పు, పాత మైనం పట్టి ఉన్నాయి. "జెర కడిగి ఇస్తవా చెల్లె? వరస మాత్రం తప్పొద్దు," అని నాకిచ్చాడు.

నేను అక్షరాలు నేర్చుకున్నది ఈ దేశంలోనే, నలభై ఎనిమిదో ఏట. ఐన్ ఖాలిద్‌లో ఒక తెలుగు పంతులమ్మ శుక్రవారాలు తన ఇంట్లో మాలాంటి వాళ్ళను కూర్చోబెట్టి నేర్పేది. లెక్క నాకు ఎప్పుడూ వచ్చు. ఇరవై ఐదు బీడీలకొక కట్ట, కళ్ళు మూసుకుని కట్టేదాన్ని. అంకెలు రాయడం మాత్రం అక్కడే వచ్చింది. వచ్చిన కొత్తలో దొరికినదాని మీదల్లా రాసేదాన్ని. పప్పు డబ్బాల మీద పేర్లు, ఫ్రిజ్‌లో గిన్నెల మీద తారీకులు. ఇంట్లో వాళ్ళకు తెలుగు రాదు, అయినా రాసేదాన్ని. ఈ క్లిప్పులు చేతికి వచ్చినప్పుడు, వరస తప్పకూడదన్నాడు కదా అని, ఒక్కోదాని కింద థర్మాకోల్ మీద నల్ల పెన్నుతో అంకె వేశాను. ఒకటి నుంచి పదకొండు. అప్పుడు ఒకటి తీయడం, సిర్కాలో, అదే వెనిగర్‌లో, నానబెట్టి పళ్ళ బ్రష్‌తో తోమడం, ఆరబెట్టి దాని చోట దాన్నే గుచ్చడం, తర్వాత రెండోది. మధ్యాహ్నం నిద్ర మానుకుని చేశాను. ఒక్కటి కూడా చోటు మారలేదు. తిరిగి ఇచ్చినప్పుడు భాయ్ అంకెలు చూసి, "అరె వా, ఆఫీసు పని చేసినవు," అన్నాడు. నాకెంత గర్వం కలిగిందో చెప్పలేను.

ఎడమపక్క పట్టీలు భాయ్ బిగింపుకని కంపెనీ కొన్నాళ్ళకు పంపిన తోటి పనివాడితో కలిసి ముందే బిగించేశాడు. కుడిపక్క ముందు ముక్కా, తలుపు ముక్కా కూడా అయ్యాయి. వెనక ముక్క ఒక్కటే మిగిలింది. ఆ సాయంత్రమే కంపెనీ వాళ్ళు ఆ తోటివాణ్ణి ఇంకో పనికి పంపించేశారు. మర్నాడు పదిన్నరకు మేనేజర్ వచ్చి కారు చూసి బాబాకు అప్పజెప్పాలి.

పొద్దున ఎనిమిదికి భాయ్ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. "చెల్లె, ఒక కొస పట్టుకునేతందుకు మనిషి కావాలె. అమ్మగారిని అడుగు."

అమ్మగారు, అంటే బాబా కోడలు, ఫోన్‌లో ఉంది. చేత్తోనే పొమ్మంది. నేను కుక్కర్ దించి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఉన్న ఒక్క ఉంగరం తీసి పంచదార డబ్బాలో వేసి పోయాను.

"ఉంగరం తీసినవా?" అన్నదే ఆయన మొదటి మాట.

"తీసిన."

"గాజులు?"

గాజులూ తీశాను. కొత్త రంగు మీద గాజు తగిలితే ఏమవుతుందో ఆయన చెప్పకుండానే తెలుస్తుంది.

ఆ నీలం రంగు మీద, పట్టీ కూర్చునే చోటికి పైనా కిందా ఆయన కాగితం టేపు వేసి ఉంచాడు. పట్టీ అంచు కత్తిలా ఉంటుందనీ, జారితే రంగు కోసుకుపోతుందనీ చెప్పాడు. ఒక్కో రంధ్రంలో కొంచెం మైనం పెట్టాడు, నీళ్ళు లోపలికి దిగకుండా. తర్వాత థర్మాకోల్ మీది అంకెలు చూస్తూ ఒకటో క్లిప్పు తలుపు పక్కన, రెండోది దాని తర్వాత, అలా తోక దాకా పదకొండూ గుచ్చాడు. నేను గోడకు ఆనించిన పట్టీ దగ్గరికి పోయాను. ఆయన వెడల్పు కొస, నేను సన్న కొస. "నేను నడిస్తెనే నువ్వు నడువు. నేను ఆగితె ఆగు. ఊపిరి ఎట్లన్న తీస్కో," అన్నాడు. పెళ్ళి పందిట్లో హారతి ఆరిపోకుండా మోసినట్టు నడిచాం. పట్టీ మా ఇద్దరి మధ్య గాలికి వణికే నీటి చారలా ఉంది. షెడ్డు కిటికీ, ఖర్జూర చెట్టు, నా ఎర్ర కొంగు, అన్నీ దాని మీద పొడుగ్గా సాగి పారుతున్నాయి.

మొదటి క్లిప్పు మీద ఆయన అరచెయ్యి పెట్టి ఒత్తాడు. కూర్చుంది. రెండోది కూర్చుంది. మూడోది కూడా. చప్పుడు లేదు.

"టక్కుమనాలె అంటివి కద భాయ్?"

"పాతయి కద, మెత్తవడ్డయి," అన్నాడు. గొంతులో నమ్మకం లేదు.

నడిమి రెండు మూడు చక్కగా కూర్చున్నాయి. చిన్న చప్పుడు కూడా వచ్చింది. ఎనిమిదో క్లిప్పు దగ్గర ఆగింది. ఆయన ఒత్తాడు. పట్టీ పై అంచు ఎక్కింది, కింది అంచు ఎక్కలేదు. మళ్ళీ ఒత్తాడు. చెయ్యి మార్చి ఒత్తాడు. నేను తోక దగ్గర పట్టుకుని ఉన్నాను. నా వేళ్ళకు ఒక బిగువు తెలుస్తోంది, తాడు మెలి తిప్పుతున్నట్టు. పట్టీ మీద కిటికీ నీడ అప్పటిదాకా తిన్నగా పారుతున్నది కొంచెం వంకర తిరిగింది.

"చేతుల బలం లేదు," అన్నాడు భాయ్. నాతో కాదు, తనతోనే. నుదుటి మీద చెమట. షెడ్డులో చల్లగానే ఉంది. "బలం సాల్త లేదు. ఆ కట్టె ముక్క ఇటియ్యి. రబ్బరు సుత్తి గూడ."

"ఆగు భాయ్."

"ఇయ్యి అంటున్న."

"సుత్తితోని కొడితె వంగుతది. ఇంకేదో తాకుతుంది."

"ముప్పై ఏండ్ల నుంచి చేస్తున్న నేను!" అని ఉర్దూలోకి దిగాడు. వంటావిడ వంట చూసుకోవాలనీ, ఇది రొట్టె ఒత్తడం కాదనీ, ఇంకా ఏవో. నేను పట్టీ కొస వదలలేదు. వదిలితే అది అక్కడికక్కడే మడత పడుతుంది. అది ఆయనకూ తెలుసు. నేను వదలకపోతే ఆయన సుత్తి అందుకోలేడు. అదీ తెలుసు. తిట్టి తిట్టి ఆగాడు.

"ఒక్కసారి ఇటొచ్చి ఈ కొస లేపు," అన్నాను. "వేలు వోయేటంత."

లేపాడు. నేను ఎడమచేతి చూపుడు వేలు పట్టీ కిందికి పోనిచ్చి, ఆఖరి క్లిప్పు చెవిని బొటనవేలితో కలిపి పట్టుకున్నాను. తర్వాత, ఆయన పట్టీని మోస్తుండగా ఒంగి, వదులుగా ఉన్న అంచు కింద వేలు దూర్చి, తలుపు పక్క మొదటి క్లిప్పును అలాగే పట్టుకున్నాను. రెండిటికీ బియ్యపు గింజ మందమంత తేడా. దూరం దూరంగా ఉండటంతో కంటికి రెండూ ఒకటే. వేలికి ఒకటి కావు.

బీడీకి ఒక కొస సన్నం, ఒక కొస లావు. కార్ఖానాలో కట్ట చూసేవాడు కళ్ళతో చూడడు. రెండు కొసలూ వేళ్ళతో ఒత్తి, తిరగబడిన బీడీ ఒక్కటున్నా కట్ట మొత్తం విసిరికొట్టేవాడు. అలా విసిరికొట్టిన కట్టల ముందు నేను చాలాసార్లు కూర్చున్నాను. ఆ వేళ్ళే ఇప్పుడు నాకు చెప్పాయి. పట్టీ సన్నబడే తోక దగ్గర ఉన్నది లావు క్లిప్పు, వెడల్పుగా ఉండే తలుపు దగ్గర ఉన్నది సన్న క్లిప్పు. అంతా తిరగబడి ఉంది.

థర్మాకోల్ ముక్క వంక చూశాను. నా అంకెలు. ఎడమ నుంచి కుడికి, పంతులమ్మ నేర్పినట్టు, ఒకటి, రెండు, మూడు.

"భాయ్," అన్నాను. "తీసినప్పుడు తలుపు పక్క క్లిప్పు యాడ గుచ్చినవు?"

"ఈ కొసకు." థర్మాకోల్ ముక్క కుడి కొస చూపించాడు. చూపించి, అలాగే చెయ్యి గాలిలో ఉంచేశాడు.

ఆయన చదువుకున్నది ఉర్దూ. ఆయన చెయ్యి ఏ పని మొదలుపెట్టినా కుడి నుంచి మొదలుపెడుతుంది. పైగా కారుకు కుడిపక్కన నిలబడితే ముందు భాగం కుడిచేతి వైపే ఉంటుంది. ఆయన ఎలా చూసినా కుడి కొసదే ఒకటోది. నేను ఎడమ కొసదానికి ఒకటి వేశాను. చోటు మార్చకుండా, మధ్యాహ్నం నిద్ర మానుకుని, శుభ్రంగా తోమి, పదకొండిటినీ తలకిందులు చేశాను.

"తప్పు నాది భాయ్," అన్నాను. "ఎటుకెంచి ఏసుడో అడుగకుంట అంకెలు ఏసిన."

ఆయన పట్టీ కొస పట్టుకుని నావైపు చూస్తున్నాడు. ఇక ఉర్దూ మొదలవుతుందనుకున్నాను. కానీ ఆయన పెదాలు ఒక పక్కకు పోయాయి.

"అంటే," అన్నాడు, "నా చేతులకు ఏం కాలే?"

"నీ చేతులకు ఏం కాలే."

"బలం పోలే?"

"పోలే. క్లిప్పులే ఉల్టా ఉన్నయి."

"యా అల్లా," అని నవ్వడం మొదలుపెట్టాడు. పట్టీ మోస్తున్న మనిషి నవ్వకూడదు. అది గలగల ఊగుతుంటే, "నవ్వకు భాయ్, నవ్వకు," అని నేను అరుస్తున్నాను, నాకూ ఆగడం లేదు. "నీ చదువు సల్లగుండ! మస్తు భయపెట్టినవు చెల్లె. నా మీద నాకే అనుమానం వచ్చింది."

ఎక్కిన క్లిప్పుల మీద నుంచి పట్టీని విప్పడం బిగించడం కన్నా కష్టం. ఆయన గుడ్డ చుట్టిన ప్లాస్టిక్ పలకను అంచు కింద దూర్చి, ఒక్కో క్లిప్పు దగ్గర గోరు పట్టేంత వదులు చేస్తూ వచ్చాడు. నేను పట్టీని మోస్తూ, ఆయన వదిలిన చోటల్లా అరచెయ్యి ఆనించాను. అది మడత పడకుండా మా చేతుల్లోకి వచ్చినప్పుడు ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. దాన్ని మెత్త గుడ్డ మీద పడుకోబెట్టాం. పదకొండు క్లిప్పులూ తీసి, ఈసారి అంకెలు చూడలేదు, నేను వేళ్ళతో ఒత్తి, లావు నుంచి సన్నానికి వరస పెట్టి ఆయన చేతికిచ్చాను. పక్కపక్క రెండిటికీ తేడా తెలియని చోట రెండు మూడుసార్లు ఒత్తి చూశాను. ఆయన ఇచ్చినవి ఇచ్చినట్టు గుచ్చాడు. ఒక్కదాన్ని కూడా తన కంటితో సరిచూసుకోలేదు. అది నేను మర్చిపోలేను. అంత పనిమంతుడు నా వేళ్ళ మాట అలా నమ్మాడు.

అప్పటికి తొమ్మిదిన్నర దాటింది. పట్టీని మళ్ళీ ఎత్తాం.

మొదటి క్లిప్పు మీద ఆయన అరచెయ్యి ఒత్తగానే, టక్. చిన్నది, గట్టిది, తలుపు గడియ పడినట్టు. నా ఒళ్ళు జల్లుమంది. టక్. టక్. ఒక్కోదానికి పట్టీ కారు ఒంటికి ఇంకొంచెం అంటుకుంటోంది. అప్పటిదాకా రెండు వేర్వేరు వస్తువులు, ఒక నీలం ఒళ్ళు, ఒక ఉక్కు రేకు. చప్పుడు అయిన చోటల్లా ఆ రెండూ ఒకటైపోతున్నాయి. ఎప్పుడో అరవై ఏళ్ళ కింద, సముద్రానికి అవతల, ఏ కార్ఖానాలోనో ఎవరో ఒకరు ఇదే పట్టీని ఇదే ఒంటికి ఇలాగే ఒత్తి ఉంటారు కదా, వాళ్ళకూ ఇదే చప్పుడు వినబడి ఉంటుంది కదా అనుకున్నాను. ఆ మనిషి ఆడో మగో, ఏ దేశమో. ఆ చప్పుడు ఇన్నాళ్ళు ఈ ఉక్కులోనే ఉండిపోయింది.

ఆరోదాని దగ్గర భాయ్ చెయ్యి ఆగింది.

ఈసారి క్లిప్పు తప్పు కాదు. చెయ్యే. మణికట్టు నుంచి వేళ్ళ కొసల దాకా, చలి పట్టినట్టు. ఎడమచేత్తో పట్టుకున్నాడు. తగ్గలేదు. చేతిని పట్టీకి దూరంగా తీసుకుపోయి, నడుముకు ఆనించుకున్నాడు. వణుకుతున్న చేత్తో ఒత్తితే బలం పక్కకు పోతుంది. పక్కకు పోతే మడత. గడియారం చూశాడు. పది కావస్తోంది.

"పగటీలికి ఎక్కువైతది అంటివి," అన్నాను. "జెర సేపు ఆగుదాం."

"ఆగితె ఎక్కువైతది, తక్కువ కాదు." కొంచెం సేపు పట్టీ వంక చూశాడు. మిగిలిన ఆరు క్లిప్పుల వంకా చూశాడు. ఆ చూపు నేను భరించలేక నేల వంక చూశాను. "ఇటు రా," అన్నాడు. "నేను తోక పట్టుకుంట. నువ్వు ఒత్తు."

"నేనా?"

"ఇంకెవలున్నరు ఈడ? వేళ్ళతోని కాదు, అరచేతి మొదలుతోని. ముందు పై అంచు తగిలియ్యి. తర్వాత కింద. తొందర వద్దు. అది కూసుంట అన్నప్పుడు నీకే చెప్తది."

చోటు మారాం. పట్టీ మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. దాని కింద క్లిప్పు ఎక్కడుందో కనబడదు, కానీ చేతికి తెలిసింది. పై అంచు తగిలించి, కిందికి ఒత్తాను. ఏమీ కాలేదు. ఇంకొంచెం. చెయ్యి కింద ఏదో ఒప్పుకున్నట్టు అయింది. టక్.

"హా," అన్నాడు భాయ్. "గంతే."

ఏడు, ఎనిమిది, తొమ్మిది. ఒక్కోదానికి ఆయన, "హా," అనేవాడు. ఇందాక మొండికేసిన ఎనిమిదోది నెయ్యిలా దిగింది. పదోదానికి మా ఇద్దరి తలలూ దగ్గరికొచ్చాయి. పదకొండోదానికి ఆయన ఎడమచెయ్యి కూడా నా చేతి పక్కన పెట్టాడు. ఒత్తలేదు, పక్కన ఉంచాడంతే. టక్. ఆయన కొస వదిలేశాడు. పట్టీ కదలలేదు. అది ఇక మా చేతుల్లో లేదు, కారుది.

టేపు ఊడదీసింది ఆయనే. మెల్లగా, రంగుకు ఆనించి వెనక్కి మడుస్తూ. టేపు పోయాక కనబడింది అసలు సంగతి. ముందు దీపం నుంచి తోక దీపం దాకా ఒక్క గీత. మూడు ముక్కలని తెలిసినా కన్ను ఆగడం లేదు. తెల్లవారేటప్పటి సముద్రం, దాని మీద ఒక్క వెలుగు చార. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. ఆయన మోకాళ్ళ మీద కూర్చుని, ఒక కన్ను మూసి, తోక వైపు నుంచి ఆ గీత వెంట చూశాడు. తర్వాత చెంపలు తుడుచుకుని, "చెమట," అన్నాడు.

పదిన్నరకు మేనేజర్ వచ్చాడు, బాబా కూడా చేతికర్రతో వచ్చారు. నేను సామాను పక్కన నిలబడ్డాను, పోతే బాగుండదని, ఉంటే బాగుండదని. మేనేజర్ కారు చుట్టూ తిరిగి, కుడిపక్క వెనక ఆగి, పట్టీ మీద వేలు నడిపించాడు. ఒక్కచోట కూడా ఆగలేదు. లేచి, భాయ్ భుజం తట్టి హిందీలో, "నీ చేతుల గురించి ఎవరెవరో ఏదేదో అన్నారు. ఇది చూపిస్తే నోరు మూస్తారు," అన్నాడు.

అక్కడితో అయిపోయేది. ఆయన తల ఊపితే చాలు. నేను ఆయన ముఖం వంక చూశాను. ఊపుతాడనే అనుకున్నాను. ఊపాలనే కోరుకున్నాను కూడా.

"వాళ్ళన్నది నిజమే సార్," అన్నాడు భాయ్. కుడిచెయ్యి జేబులోంచి తీసి ముందుకు చాపాడు. అది ఇంకా వణుకుతోంది. "ఈ పట్టీ సగమే నేను బిగించాను. వెనక సగం ఈమె. ఈమె ఆపకపోతే మొత్తం విరిచి ఉండేవాణ్ణి."

మేనేజర్ ఆ చేతిని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ పట్టీని చూశాడు. బాబా అప్పటిదాకా కారు తోక దగ్గర వంగి ఉన్నారు. వంగే ఉండి, అరబ్బీ కలిసిన హిందీలో అన్నారు:

"ఇసుకలో దిగబడ్డప్పుడల్లా దీన్ని వెనక నుంచి నెట్టింది మా అమ్మ. మా నాన్న లోపల కూర్చుని యల్లా యల్లా, పద పద అని అరిచేవాడు. ఇంటికొచ్చాక, నేనే తీసుకొచ్చాను అని చెప్పేవాడు." కర్ర ఆనించుకుని నిటారుగా నిలబడి భాయ్ వంక చూశారు. "నువ్వు మా నాన్న కన్నా నయం."

భాయ్ నవ్వాడు. ఆ నవ్వు దగ్గుగా మారింది. నేను మంచినీళ్ళకోసం వంటింట్లోకి పరిగెత్తాను. తిరిగి వచ్చేసరికి మేనేజర్ వెళ్ళిపోయాడు. భాయ్ తన సుత్తులు ఒక్కొక్కటే గుడ్డలో చుడుతున్నాడు. తొందర లేకుండా, ఒక్కోదాన్ని తిప్పి చూసి. గ్లాసు రెండు చేతులతో అందుకున్నాడు. నీళ్ళు కొంచెం చొక్కా మీద ఒలికాయి. తుడుచుకోలేదు, దాచుకోలేదు.

"ఇంటికాడ అడిగితె ఏం చెప్తవు భాయ్?" అన్నాను. "ఆఖరి కారు ఎట్లయింది అని."

"మంచిగ కూసుంది అని చెప్త," అన్నాడు. "అబద్ధమా?"

"కాదు."

"మరి చాయ్ పెట్టు. ఈసారి ఒక్కసారే పెట్టు."